పళ్లొచ్చే పసిబిడ్డకు రాత్రిపూట నొప్పి: తేనె, నశ్యం, జెల్లు వద్దు, తడిగుడ్డ చాలు

ఊరు మాటుమణిగిన తర్వాతే పసిబిడ్డ ఏడుపు మొదలవుతుంది. పగలంతా ఆడుకున్న ఏడు నెలల బిడ్డ రాత్రి పదకొండు దాటేసరికి గుక్కపెట్టి ఏడుస్తాడు. పాలిస్తే రెండు గుక్కలు తాగి వదిలేస్తాడు. పిడికిలి నోట్లో కుక్కుకుంటాడు. చొంగ కారి చొక్కా తడిసిపోతుంది. ఇంట్లో పెద్దావిడ లేచి, నోట్లో వేలు పెట్టి చూసి, "పళ్లొస్తున్నాయిలే అమ్మాయ్, అంతే" అని తేల్చేస్తుంది.

ఇక సలహాలు మొదలు. చిగుళ్లకు తేనె రాయమని ఒకరు. లవంగ నూనె చుక్క అద్దమని మరొకరు. జాజికాయ అరగదీసి నాకిస్తే హాయిగా నిద్రపోతాడని ఇంకొకరు. టౌను నుంచి తెచ్చిన జెల్లు గొట్టం ఉందని పక్కింటి వాళ్లు. అందరూ బిడ్డ మీద ప్రేమతో చెప్పేవాళ్లే. అయితే వీటిలో కొన్ని పనికిరానివి, కొన్ని ప్రాణం మీదికి తెచ్చేవి. నిద్రమత్తులో, చీకట్లో, బిడ్డ ఏడుపు మధ్య ఏది ఏదో తేల్చుకోవడం ఆ తల్లికి అయ్యే పని కాదు. పగలే తెలుసుకుని ఉంచుకోవలసిన సంగతులివి.

ముందు చెయ్యి కడగాలి

చిగుళ్ల నొప్పికి మొదటి మందు తల్లి వేలే. శుభ్రమైన వేలితో చిగురును ఒకటి రెండు నిమిషాలు మెల్లగా అదిమి రాస్తే బిడ్డకు ఉపశమనం కలుగుతుంది. లోపలి నుంచి పన్ను నెడుతూ ఉంటే, పైనుంచి తగిలే ఒత్తిడి హాయినిస్తుంది. బిడ్డ దొరికినదల్లా కొరకడం ఇందుకే.

అయితే ఆ వేలు పగలంతా ఏం పని చేసి వచ్చిందో చూసుకోవాలి. గుంటూరు, పల్నాడు జిల్లాల్లో జనవరి నుంచి మార్చి, ఏప్రిల్ దాకా మిరప కోతలు సాగుతాయి. కర్నూలు వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే పిల్లాజెల్లాతో వచ్చి చేల గట్ల మీద గుడారాలు వేసుకుంటాయి. పగలంతా కాయ కోసిన చెయ్యి రాత్రికి మండుతూనే ఉంటుంది. ఆ చెయ్యి బిడ్డ నోట్లోకి వెళితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. మిరప ఘాటు ఒట్టి నీళ్లతో పోదు. అది నూనెలో కరిగే పదార్థం. ముందు కొంచెం వంటనూనె చేతులకు పట్టించి రుద్ది, ఆ తర్వాత సబ్బుతో రెండుసార్లు కడగాలి. పురుగుమందు కొట్టిన చేతులైతే స్నానం చేసి బట్టలు మార్చుకునే దాకా బిడ్డను ఎత్తుకోకపోవడమే మంచిది.

నశ్యం పీల్చే పెద్దవాళ్లు, పొగాకు పట్టించే చేతులు ఉన్నవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. కొన్ని ఇళ్లలో నశ్యం చిటికెడు చిగురుకు రాస్తే నొప్పి తెలియదన్న నమ్మకం ఇంకా ఉంది. పొగాకులోని నికొటిన్ పసిబిడ్డకు విషం. కొద్దిపాటిదే వాంతులకు, ఫిట్సుకు దారితీస్తుంది. దీనికి మాత్రం ఏ పెద్దరికం అడ్డొచ్చినా, అత్తగారైనా సరే, కోడలు వద్దని చెప్పి తీరాలి.

రాత్రికి ఏర్పాటు

ఖర్చులేని ఏర్పాటు ఇది. మెత్తని నూలు గుడ్డ ముక్కను ఉడకబెట్టి ఆరబెట్టుకోవాలి. పడుకునే ముందు కాచి చల్లార్చిన నీళ్లలో తడిపి పిండి, మూత ఉన్న స్టీలు గిన్నెలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి. ఫ్రిజ్ లేని ఇంట్లో ఆ గిన్నెను మట్టికుండ నీళ్లలో తేలేలా పెట్టినా చాలినంత చల్లబడుతుంది. బిడ్డ లేచి ఏడ్చినప్పుడు గుడ్డ ఒక కొస తల్లి చేతిలో పట్టుకుని, రెండో కొస బిడ్డ చేత నమిలించాలి. చల్లదనానికి చిగురు వాపు, మంట తగ్గుతాయి. స్టీలు చెంచా వెనక భాగాన్ని ఇలాగే చల్లబరిచి చిగురుకు ఆనించినా పనిచేస్తుంది.

ఐసుముక్క నేరుగా చిగురుకు పెట్టకూడదు. డీప్‌ఫ్రీజర్‌లో గడ్డకట్టిన రింగులు కూడా ఇవ్వకూడదు. అవి లేత చిగురును కాలిన గాయంలా చేస్తాయి. బజారులో దొరికే నమిలే రింగులు కొనేవాళ్లు లోపల నీళ్లు నింపినవి కాకుండా, ఒకే ముక్కగా ఉన్న గట్టి రబ్బరువి, సిలికాన్‌వి చూసుకోవాలి. నీళ్ల రింగు చిట్లితే ఆ నీళ్లు బిడ్డ కడుపులోకి పోతాయి. రింగు ఏదైనా రోజూ కడగాలి, నేల మీద పడినప్పుడల్లా కడగాలి.

చొంగ తుడుస్తూ ఉండటం చిన్న పనిలా కనిపిస్తుంది గానీ సగం ఏడుపు దాని వల్లే. గడ్డం, మెడ మడతలు తడిగా ఉండి ఒరుసుకుపోతాయి. ఒత్తి తుడిచి, కొబ్బరినూనె పలుచగా రాస్తే చర్మం కాపాడబడుతుంది.

వీటన్నిటికీ మించింది తల్లిపాలు. పన్ను వచ్చే రోజుల్లో బిడ్డ చప్పరించేటప్పుడు చిగురు ఒత్తుకుని నొప్పెట్టి వదిలేయడం ఉంటుంది. అది పాలు ఇష్టం లేకపోవడం కాదు. ఓ నిమిషం చల్లగుడ్డ నమిలించి మళ్లీ పెడితే తాగుతాడు. రాత్రిపూట నొప్పి ఎక్కువగా కనిపించడానికి కారణం కూడా పెద్ద రహస్యమేమీ కాదు. పగలు కోళ్లు, కుక్కలు, మనుషులు చూస్తూ మరిచిపోయే బాధ, చీకటి పడి అంతా సద్దుమణిగాక గుర్తుకొస్తుంది. భుజాన వేసుకుని వాకిట్లో నాలుగడుగులు తిప్పితే చాలాసార్లు సర్దుకుంటుంది. మన అమ్మమ్మల జోలపాటల పని ఇదే, వాటికి ఏ డాక్టరూ అడ్డు చెప్పడు.

ఏ పన్ను ఎప్పుడు

పాలపళ్లు మొత్తం 20. ఎక్కువమంది పిల్లలకు ఆరు నుంచి పది నెలల మధ్య కింది దవడ ముందు పళ్లు రెండు వస్తాయి. ఎనిమిది నుంచి పన్నెండు నెలల్లో పై పళ్లు. ఏడాది దాటాక దవడ పళ్లు, ఆ తర్వాత కోరపళ్లు. రెండున్నర, మూడేళ్లకు ఇరవై పూర్తవుతాయి. కొందరికి నాలుగో నెలలోనే మొదలవుతుంది, కొందరికి ఏడాది నిండేదాకా ఒక్కటీ రాదు. పద్నాలుగు, పదిహేను నెలలకు కూడా జాడ లేకపోతే పళ్ల డాక్టరుకు చూపించాలి.

కొందరికి వరుస తప్పి పై పన్ను ముందు వస్తుంది. మేనమామకు గండమని మన వైపు గగ్గోలు పడతారు. వరుస తప్పడం అరుదు కాదు, దానితో బిడ్డకూ నష్టం లేదు. మేనమామలు నిశ్చింతగా ఉండవచ్చు.

జ్వరం, విరేచనాలు పళ్ల వల్ల కాదు

అసలు ప్రమాదం నొప్పిలో లేదు, "పళ్లొస్తున్నాయిలే" అన్న మాటలో ఉంది. ఒళ్లు కాలిపోతున్నా పళ్ల జ్వరమే. రోజుకు ఎనిమిదిసార్లు నీళ్లలా పోతున్నా పళ్ల విరేచనాలే. రెండు మూడు రోజులు అలా చూస్తూ ఊరుకుని, కళ్లు గుంటలు పడ్డాక ఆటో మాట్లాడుకుని పరుగెత్తే కుటుంబాలు ప్రతి పల్లెలోనూ ఉన్నాయి.

అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో వైద్యులు 125 మంది పిల్లలను నాలుగో నెల నుంచి ఏడాది దాకా గమనింపజేసి, ఆ వివరాలను 2000లో ప్రచురించారు. జ్వరం, చొంగ, విరేచనం, నిద్ర అన్నీ తల్లిదండ్రులు రోజూ రాసిపెట్టారు. పన్ను బయటపడటానికి ముందు నాలుగు రోజులు, బయటపడిన రోజు, తర్వాత మూడు రోజులు, మొత్తం ఎనిమిది రోజుల్లో చొంగ, కొరకడం, చిరాకు, చెవి రుద్దుకోవడం, ముఖం మీద పొక్కులు, ఒళ్లు కాస్త వెచ్చబడటం ఎక్కువగా కనిపించాయి. 102 డిగ్రీలు దాటిన జ్వరం, విరేచనాలు, వాంతులు, దగ్గు మాత్రం పళ్లతో ముడిపడి లేవని తేలింది. ఒళ్లు వెచ్చబడటం అంటే 100 డిగ్రీల లోపు మాటే. థర్మామీటరులో 100.4 డిగ్రీలు దాటితే దాన్ని జ్వరంగానే చూడాలి, కారణం వేరే వెతకాలి.

మరి పళ్లప్పుడే విరేచనాలు ఎందుకు కనిపిస్తాయి? ఆరో నెలలో మూడు సంగతులు ఒక్కసారే జరుగుతాయి. తల్లి కడుపులో ఉండగా వచ్చిన రోగనిరోధక శక్తి సన్నగిల్లుతుంది. ఉగ్గు, జావ మొదలవుతాయి, గిన్నె, నీళ్లు, చెయ్యి ఏది మురికైనా కడుపులోకి పోతుంది. బిడ్డ పాకడం నేర్చి కిందపడినవన్నీ నోట్లో పెట్టుకుంటాడు. చిగురు దురద ఉంటే ఇంకా ఎక్కువగా పెట్టుకుంటాడు. నేరం మురికిది, నింద పన్నుకు పడుతోంది.

విరేచనాలు మొదలైన రాత్రే ఓఆర్ఎస్ మొదలుపెట్టాలి. ఆశా కార్యకర్త దగ్గర, అంగన్‌వాడీలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పొట్లాలు ఉంటాయి. పెద్ద పొట్లాన్ని సరిగ్గా లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపాలి. చిన్న పొట్లాలు 200 మిల్లీలీటర్లకు ఉద్దేశించినవి, పొట్లం మీద రాసిన కొలత చూడాలి. చిక్కగా కలిపితే ఎక్కువ మేలు జరగదు, హాని జరుగుతుంది. రెండేళ్లలోపు బిడ్డకు విరేచనం అయిన ప్రతిసారీ పావు గ్లాసు నుంచి అర గ్లాసు, చెంచాతో కొంచెం కొంచెంగా పట్టించాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ ఇవ్వాలి. కలిపిన నీళ్లు ఒక్క రోజుకే, మర్నాడు పారబోయాలి. తల్లిపాలు ఆపకూడదు. జింకు బిళ్ల కూడా 14 రోజులు ఇవ్వాలి. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల లోపు బిడ్డకు 10 మిల్లీగ్రాములు.

దుకాణంలో ఓఆర్ఎస్ అని పేరు పెట్టుకున్న తియ్యటి డబ్బా పానీయాలను నమ్మి మోసపోయినవాళ్లు ఎందరో. వాటిలో చక్కెర మోతాదు మించి ఉండి విరేచనాలు పెరుగుతాయి. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి దీనిపై పోరాడగా, 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ అలాంటి పానీయాల మీద ఓఆర్ఎస్ అన్న మాట వాడకూడదని ఆదేశించింది. పేరు చూసి కాదు, పొట్లం చూసి కొనాలి.

చెవి సంగతి కూడా ఒకటుంది. పళ్లప్పుడు బిడ్డ చెవి రుద్దుకోవడం మామూలే. అయితే చెవి లాగుకుంటూ జ్వరం కూడా ఉంటే చీము పట్టిందేమో చూపించాలి.

వద్దన్నవి ఎందుకు వద్దు

తేనె ఏడాదిలోపు బిడ్డకు ఒక్క చుక్క కూడా వద్దు. స్వచ్ఛమైన పుట్టతేనె అయినా అంతే. అందులో ఉండగల ఒక రకం సూక్ష్మజీవి బీజాలు పెద్దవాళ్ల పేగుల్లో ఏమీ చేయవు, పసిపేగుల్లో మొలకెత్తి విషం తయారు చేస్తాయి. బొటులిజం అనే ఆ జబ్బులో బిడ్డకు మొదట మలబద్ధకం, తర్వాత ఏడుపు సన్నబడటం, మెడ నిలపలేకపోవడం, ఆ తర్వాత ఊపిరి కష్టం.

లవంగ నూనె పెద్దవాళ్ల పంటి నొప్పికి మంచిదే. పసిబిడ్డ మింగితే కాలేయం దెబ్బతిన్న సంఘటనలు వైద్యుల దృష్టికి వచ్చాయి. జాజికాయ, గసగసాలు నిద్ర పుట్టిస్తాయన్నది నిజమే, అయితే ఆ నిద్ర మత్తు. ఒకప్పుడు కూలికి పోయే తల్లులు నల్లమందు పెట్టి బిడ్డను పడుకోబెట్టిన దేశమిది. ఏడుపు ఆగింది అంటే నొప్పి తగ్గిందని కాదు. దగ్గు మందు పోసి పడుకోబెట్టడం కూడా ఈ కోవలోదే. రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయవద్దని కేంద్ర ఆరోగ్య శాఖ 2025 అక్టోబరులో వైద్యులకు చెప్పింది.

జెల్లుల మాట. కొన్నిట్లో చిగురును మొద్దుబార్చే బెంజోకేన్, లిగ్నోకేన్ ఉంటాయి. బెంజోకేన్ వల్ల రక్తం ప్రాణవాయువును మోయలేని స్థితికి వచ్చి బిడ్డ పెదవులు, గోళ్లు నీలం తిరగవచ్చు. రెండేళ్లలోపు పిల్లలకు వాడవద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది. లిగ్నోకేన్ మింగుడు పడితే ఫిట్సు, గుండె లయ తప్పడం. పళ్ల నొప్పికి ఇవ్వవద్దని 2014లోనే అదే సంస్థ చెప్పింది. మరికొన్నిట్లో ఆస్పిరిన్ జాతి మందు ఉంటుంది, పిల్లలకు అదీ పనికిరాదు. ఇంతా చేసి, చొంగతో పాటు జెల్లు నిమిషాల్లో కొట్టుకుపోతుంది.

పళ్ల మందుల చరిత్ర అంత మంచిది కాదు. ఇంగ్లండులో ఇరవయ్యో శతాబ్దం సగం దాకా పాదరసం కలిపిన పళ్ల పొడులు అమ్మారు. పిల్లల చేతులు, పాదాలు ఎర్రబడి, ఒళ్లు క్షీణించిపోయే వింత జబ్బుకు ఆ పొడులే కారణమని తేలాక 1950లలో ఆపారు. నైజీరియాలో 2008లో పళ్ల నొప్పి సిరప్‌లో విషద్రావకం కలిసి 80 మందికి పైగా పిల్లలు చనిపోయారు.

మెడలో తాడు, తాయెత్తు, వసకొమ్ము, పూసలు రాత్రి పడుకునే ముందు తీసివేయాలి. పగలు కట్టుకోవాలనుకుంటే అది ఎవరి నమ్మకం వారిది. నిద్రలో మాత్రం తాడు మెడకు బిగుసుకోవచ్చు, పూస ఊడి గొంతులో పడవచ్చు. నమిలే రింగును తాడుతో మెడకు కట్టడం కూడా ఇలాంటిదే. క్యారెట్ ముక్క, రస్కు, చెరకు ముక్క ఇచ్చి బిడ్డను చీకట్లో వదిలేయకూడదు. బెల్లంలో ముంచిన గుడ్డ, పాలసీసా నోట్లో పెట్టి పడుకోబెడితే వచ్చిన పన్ను రాగానే పుచ్చిపోతుంది. ఉయ్యాలలో బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాలి. చీర ఉయ్యాలైతే ముఖం మీద బట్ట మూసుకోకుండా ఎవరైనా కనిపెట్టి ఉండాలి.

మందు ఇవ్వాల్సి వస్తే

పైవన్నీ చేసినా బిడ్డ తెల్లవార్లూ నిద్రపోకపోతే డాక్టరును అడిగి పారాసెటమాల్ ఒక మోతాదు ఇవ్వవచ్చు. మూడు నెలల లోపు బిడ్డకు డాక్టరు చూడకుండా ఇవ్వకూడదు. మోతాదు వయసును బట్టి కాదు, బరువును బట్టి. కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. ఎనిమిది కిలోల బిడ్డకు 80 నుంచి 120 మిల్లీగ్రాములన్నమాట. అంగన్‌వాడీలో తూచిన బరువు కార్డులో ఉంటుంది, అది చూసుకోవాలి.

చిక్కంతా సీసాలో ఉంది. ఒక సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములు, మరోదాంట్లో 250 ఉంటాయి. చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరుకే 100 ఉంటాయి. మొదటి సీసాలో 4 మిల్లీలీటర్లు పోస్తే 100 మిల్లీగ్రాములు. అదే అలవాటున రెండో సీసాలో పోస్తే 200. చుక్కల మందులో పోస్తే 400, అంటే నాలుగింతలు. సీసాల రంగు, మూతలు ఒకేలా ఉంటాయి. మోతాదు మించితే దెబ్బ కాలేయానికి, మొదటి రోజు పైకి ఏమీ తెలియదు. కాబట్టి వంటింటి చెంచాతో కాకుండా సీసాతో ఇచ్చిన కొలత గొట్టంతోనే పోయాలి. అత్తా కోడళ్లలో మందు పోసే బాధ్యత ఒక్కరే తీసుకుని, పోసిన వేళ గోడ క్యాలెండరు మీద రాసుకోవాలి. ఆరు గంటలు గడవకుండా రెండోసారి వద్దు. నొప్పికి వరుసగా రోజూ వాడే మందు కాదిది.

ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వకూడదు. నిమెసులైడ్‌ను పన్నెండేళ్లలోపు పిల్లలకు మన దేశంలో 2011లో నిషేధించారు. ఇంట్లో పెద్దవాళ్లకు తెచ్చిన బిళ్ల ముక్క చేసి బిడ్డకు వేసే అలవాటు మానాలి.

ఇవి కనిపిస్తే తెల్లవారే దాకా ఆగవద్దు: మూడు నెలల లోపు బిడ్డకు 100.4 జ్వరం, పాలు తాగలేకపోవడం, ఆరేడు గంటలుగా మూత్రం పోయకపోవడం, ఏడ్చినా కన్నీరు రాకపోవడం, పొట్ట మీద చర్మం గిల్లి వదిలితే మెల్లగా సర్దుకోవడం, మాడు లోపలికి దిగడం, మలంలో నెత్తురు, ఫిట్సు, డొక్కలు ఎగరేయడం, పెదవులు నీలం తిరగడం, పిలిచినా కళ్లు తెరవకపోవడం. 108కి ఫోన్ చేయాలి. పల్నాడు వైపు వాళ్లకు నరసరావుపేట ఆస్పత్రి, గుంటూరు చుట్టుపక్కల వాళ్లకు గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రి ఉన్నాయి. దారిలో కూడా ఓఆర్ఎస్ చెంచాతో పడుతూనే ఉండాలి, మత్తుగా ఉన్న బిడ్డకు మాత్రం నోట్లో ఏమీ పోయకూడదు.

ఆశా కార్యకర్తలు పిల్లల ఇంటికి మూడు, ఆరు, తొమ్మిది, పన్నెండు, పదిహేను నెలలప్పుడు వచ్చి చూడాలన్న ఏర్పాటు 2018 నుంచి ఉంది. ఆరు, తొమ్మిది నెలల రాకపోకలు సరిగ్గా పళ్లు మొలిచే రోజుల్లోనే పడతాయి. ఓఆర్ఎస్, జింకు అప్పుడే అడిగి తీసుకుని ఇంట్లో ఉంచుకోవాలి. తొమ్మిదో నెలలో తట్టు టీకా ఉంటుంది, పళ్లొస్తున్నాయని దాన్ని వాయిదా వేయనక్కరలేదు. చేల గట్ల మీద గుడారాల్లో ఉండే వలస కుటుంబాల బిడ్డలకూ దగ్గరి ఊరి అంగన్‌వాడీలో ఇవన్నీ అడగవచ్చు, సొంతూరి కార్డు వెంట తెచ్చుకుంటే పని తేలికవుతుంది.